ఒంటిముడి సోడాబుడ్డి

మా మనవడికి రైల్వేలో ఉద్యోగం వచ్చినట్టే వచ్చి చేజారింది. రాతపరీక్ష పాసయ్యాడు, పరుగెత్తమంటే పరుగెత్తి అదీ పాసయ్యాడు. చివర్న కళ్ళ డాక్టరు రంగురంగుల చుక్కలున్న ఒక పుస్తకం తెరిచి, ఈ చుక్కల్లో ఏ అంకె దాగుందో చెప్పమన్నాడట. వీడికి చుక్కలే కనిపించాయి గానీ అంకె కనిపించలేదు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్ళు రైళ్ళకు పనికిరావని కాగితం రాసి పంపించేశారు. ఇరవై మూడేళ్ళవాడు హిందూపురంలో రైలు దిగి ఇంటికొచ్చి, సంచీ మూలన పడేసి, తల వంచుకుని, "అవ్వా, నాకు రంగులు కనపడవంట" అన్నాడు.

నేను నవ్వేశాను. నవ్వకూడదని తెలుసు, కొంగు నోట్లో కుక్కుకున్నాను, అయినా ఆగలేదు. నా కూతురు వంటింట్లోంచి వచ్చి, "నీకేమన్నా మతి ఉండాదా అమ్మా? బిడ్డ ఏడుస్తాంటే నవ్వుతాండావు" అని కసురుకుంది. మనవడైతే లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

వాణ్ని చూసి నవ్వలేదని ఎట్లా చెప్పను? అదే మాట, అదే గొంతుతో, అట్లాగే తల వంచుకుని చెప్పిన మనిషిని నేను పెళ్ళికి ముందు చూశాను. ధర్మవరంలో, మా ఇంటి అరుగు మీద. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు ముందొస్తుంది, కన్నీళ్ళు తర్వాతొస్తాయి.

ఆయన పేరు నాకు తెలియదు. మా నేతవీధిలో ఎవరికీ తెలియదు. సోడా తెస్తాడు గనక సోడాయప్ప. పెనుకొండ మనిషి. హిందూపురంలో ఒక కన్నడాయన దగ్గర సోడా మిషను తిప్పడం నేర్చుకుని, కొన్నేళ్ళు ప్లాట్‌ఫారాల మీద, రైలుపెట్టెల్లో అమ్మి, చివరికి ధర్మవరం స్టేషను దగ్గర ఒక రేకుల గది బాడుగకు తీసుకుని సొంతంగా మిషను పెట్టాడు. ఇనప చట్రంలో బుడ్లు పెట్టి పక్కనున్న చక్రం తిప్పితే గ్యాసు నీళ్ళలోకి ఎక్కేది. అప్పుడు బుడ్డి మెడలో ఉన్న గోలీ వచ్చి మూతికి అడ్డం పడేది. మళ్ళీ దాన్ని లోపలికి నొక్కితే గానీ సోడా బయటికి రాదు. ఆ నొక్కడాన్నే సోడా కొట్టడం అంటాం.

పొట్టి మనిషి, ఎండకు నల్లగా కమిలిపోయిన మొహం. తల మీద ఎప్పుడూ తడిగుడ్డ. మనిషి అంతా చిన్నదే గానీ కుడిచేతి బొటనవేలు మాత్రం ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు ఉండేది. చెక్క మూత, గిక్క మూత ఏమీ లేకుండా ఆ వేలితోనే గోలీని నొక్కేవాడు. మధ్యాహ్నం మూడు దాటాక సైకిలు వెనక గళ్ళ పెట్టె కట్టుకుని, దాని మీద తడి గోనెపట్టా కప్పుకుని వీధిలోకి వచ్చేవాడు. కేక వేయడు, గంట కొట్టడు. బుడ్ల మీద ఒక కట్టెపుల్లతో అటునుంచి ఇటు ఒక్కసారి గీసేవాడు. ఆ టర్రుమనే చప్పుడుకు గుంతమగ్గాల్లో కూర్చున్న మగవాళ్ళందరికీ ఒకేసారి గొంతు ఎండిపోయేది.

సోడా కొట్టడంలో ఆయనది పెద్ద విద్య. మామూలుగా సోడా కొడితే టపాకాయ పేలినట్టు పేలాలి. మా వీధిలో అది కుదరదు. ఉన్నట్టుండి అంత చప్పుడైతే నేసేవాడి చెయ్యి అదిరి పోగు తెగుతుంది. తుంపర ఎగిరి జరీ మీద పడిందా, ఆ చీర గతి అంతే. అందుకని ఆయన మా ఇళ్ళ గడప దాటేవాడు కాదు. వీపు ఇంటివైపు, మొహం వీధివైపు పెట్టి, తల మీది తడిగుడ్డ తీసి బుడ్డికి చుట్టి, బొటనవేలితో మెల్లగా నొక్కేవాడు. అలిసిపోయిన మనిషి నిట్టూర్చినట్టు 'తుస్' అనేది, అంతే. ఆ చప్పుడు పక్కింటికి కూడా వినపడేది కాదు.

"స్టేషన్లో నేను సోడా కొడితే ఎట్లుండేదో తెలుసునా పాపా? ఆ చప్పుడుకు గార్డు ఉలిక్కిపడి జెండా ఊపేటోడు" అని గొప్పలు చెప్పేవాడు.

"ఏ జెండా మామా, ఎర్రదా పచ్చదా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"జెండా రంగుతో నాకేం పని? రైలు కదిల్తే దిగేటోన్ని" అనేవాడు. అది పరాచకం అనుకున్నాను. పరాచకం కాదని తర్వాత తెలిసింది.

సోడా గురించి ఆయనకు కొన్ని గట్టి అభిప్రాయాలుండేవి. "సోడా అంటే ఏమీ లేదు, కోపమొచ్చిన నీళ్ళు. కోపం దిగకముందే తాగాల" అనేవాడు. కొట్టిన బుడ్డి చేతిలో పెట్టుకుని మాట్లాడుతూ నిలబడే వాళ్ళంటే ఆయనకు భలే చిరాకు. ఎవరికి కడుపు బాగాలేకపోయినా ముందు ఆయన కోసమే చూసేవాళ్ళు. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి, మనిషి మొహం చూసి ఇంకో చిటికెడు ఉప్పు వేసేవాడు. "డాక్టరు దగ్గరికి పోవల్లనా అప్పా?" అని ఎవరైనా అడిగితే, "తేన్పొస్తే వద్దు, రాకుంటే పో" అనేవాడు. అంతకు మించిన వైద్యం మా వీధికి చాలాకాలం అవసరం పడలేదు.

ఇక మా అవ్వ సంగతి చెప్పాలి. మా నాయన తల్లి. ఒకరోజు సోడా తాగబోతూ బుడ్డి మూతి దగ్గర ముక్కుపొడి వాసన పట్టింది. వీధిలో ముక్కుపొడి పీల్చేది ఎవరో అందరికీ తెలుసు. ఆరోజే అవ్వ చట్టం చేసింది. ఇకమీదట ప్రతి ఇంటికీ సొంతంగా రెండు బుడ్లు ఉండాలి. ఏ ఇంటి బుడ్డి ఆ ఇంటికే రావాలి. గుర్తుకు బుడ్డి మెడకు పట్టుపోగు కట్టాలి, ఇంటికొక రంగు. మా ఇంటిది ఎరుపు, పక్కన మా చిన్నాయన ఇంటిది ఆకుపచ్చ, అటుపైన పసుపు, నీలం, వంకాయరంగు, ఇట్లా రెండు వరసల్లో ఉన్న పదహారు ఇళ్ళకూ పంచిపెట్టింది. పట్టుపోగులకు మా వీధిలో ఏం కరువు? అందరూ బాగుందన్నారు. సోడాయప్ప కూడా తల ఊపాడు.

ఇట్లాంటి తెలివితక్కువ చట్టం నేతవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మా వీధిలో ఊరికే ఎరుపు అంటే ఎవరికీ అర్థం కాదు. మిరపపండు ఎరుపా, దానిమ్మగింజ ఎరుపా, కుంకుమ ఎరుపా అని అడుగుతారు. ఊయల్లో పిల్ల కూడా అంచు కలవలేదని ఏడుస్తుందని నాయన ఎగతాళి చేసేవాడు. రంగు తెలియని మనిషి ఈ భూమి మీద ఉంటాడన్న ఊహే మాకు లేదు.

చిన్నాయన ఇంటికి వేరే రంగు ఎందుకంటే, అప్పటికి మాకూ వాళ్ళకూ మాటల్లేవు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో నేసేవాళ్ళు. చిన్నాయనకు వేరు పడాలనిపించింది. పడితే పడ్డాడు, కొత్త ఇంట్లో మగ్గం గుంత తవ్వేటప్పుడు తల్లి చేత టెంకాయ కొట్టించాలి కదా. అవ్వ వద్దంటుందేమోనని భయపడి, చెప్పకుండా తవ్వేశాడు. అవ్వకు అది గుండెల్లో దిగింది. "వాడొచ్చి ఈ గడపలో నిలబడి అమ్మా అని పిలిచేదాకా ఆ ఇంటి నీళ్ళు నా గొంతులో దిగవు" అంది. చిన్నాయన, "ఆమె పిలిస్తే కదా నేను పోయేది" అన్నాడు. మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడ. దాని మీదుగా నాలుగేళ్ళు ఒకరి దగ్గు ఒకరు వింటూ బతికారు. అవ్వ ఆ దగ్గు విని కషాయం కాచమనేది, కాచాక ఎవరికీ ఇవ్వకుండా పారబోయమనేది. నాకు ఆమె మీద కోపమూ వచ్చేది, జాలీ కలిగేది.

ఇంతలో సోడాయప్పకు ఒక కొత్త అలవాటు మొదలైంది. మా అరుగు దగ్గర సైకిలు ఆపి, "పాపా, ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి, మీ బుడ్డి నువ్వే ఏరుకో" అనేవాడు. సరే, ఎండే కదా అనుకున్నాను. మబ్బు పట్టినరోజు, "మబ్బుకు కండ్లు ఆనల్యా పాపా" అన్నాడు. జల్లు పడినరోజు కూడా ఏదో అన్నాడు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, నాయనకు రంగులు కలిపి ఇచ్చేదాన్ని, రంగు విషయంలో నన్ను మోసం చేయడం కష్టం. ఒకరోజు నేను చిలకపచ్చ వోణీ వేసుకుని నిలబడితే, "ఎర్ర వోణీ బాగుండాది పాపా" అన్నాడు. నాకు అనుమానం తగిలింది.

చేతిలో ఉన్న గంపలోంచి రెండు పోగులు తీసి ఆయన ముందు పెట్టాను. "ఇందులో ఎర్రది తియ్యి మామా" అన్నాను.

ఆయన పోగుల వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు. చెయ్యి ఒకదాని మీదికి పోనిచ్చి నా కళ్ళలోకి చూశాడు, ఇంకోదాని మీదికి పోనిచ్చి మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన రంగులు చదువుకున్నది ఎదుటివాళ్ళ మొహాల్లోనే అని నాకు అప్పుడు అర్థమైంది. నేను మొహం బిగించి కూర్చున్నాను. చివరికి ఆయన ఆకుపచ్చ పోగు తీసి నా చేతిలో పెట్టాడు. నేను ఏమీ అనకపోయేసరికి అరుగు మీద కూలబడి తల వంచుకున్నాడు.

"నాకు రంగులు కనపడవు పాపా" అన్నాడు. "పసుపు తెలుస్తాది, నీలం తెలుస్తాది. ఎరుపూ పచ్చా మాత్రం ఒగటే. చిన్నప్పుడు మా నాయన మిరపతోటలో పండుకాయలు కోసుకు రమ్మంటే తోటంతా కోసుకొచ్చినా. పచ్చివీ పండువీ కలిపి. బెత్తం ఇరిగేదాకా కొట్టినాడు. ఆ దినమే ఇల్లిడిసి పెనుకొండలో రైలెక్కినా."

నాకు నవ్వొచ్చింది. తోటంతా కోసిన పిల్లాణ్ని తలుచుకుని పగలబడి నవ్వాను. ఆయనా కాసేపు చూసి నవ్వాడు. నవ్వు మధ్యలోనే నాకు ఇంకొకటి తట్టి నోరు మూతపడింది.

"మామా, అయితే మా బుడ్లు, చిన్నాయనోళ్ళ బుడ్లు?"

"మీవి పెట్టెలో ఎడంపక్క, వాళ్ళవి కుడిపక్క పెట్టుకుంటా. కానీ స్టేషను గుంతల్లో సైకిలు ఎగిరితే అన్నీ కలబడిపోతాయి. ఎన్ని తూర్లు మారినాయో ఆ దేవునికే ఎరిక." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవురికీ చెప్పొద్దు పాపా. మీ అవ్వకు తెలిస్తే ఈ వీధిలోకి రానీదు. ఈ వీధి పోతే నాకు మళ్ళా ప్లాట్‌ఫారమే గతి. పెండ్లాం బిడ్డల్ని పెనుకొండ నుంచి పిలిపించుకోని ఇంగా ఆరు నెల్లు కాల్యా."

అంటే మూడేళ్ళుగా మా అవ్వ, తన ఒట్టుకు కట్టుబడి ఉన్నానని ఊరంతా చెప్పుకుంటూ, సగం రోజులు చిన్నకొడుకు బుడ్డి మూతి పెట్టుకుని తాగింది. అటు చిన్నాయన ఇటు బుడ్డి తాగాడు. ఈ సంగతి కడుపులో పెట్టుకుని అవ్వ పక్కన కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. అట్లాగని చెప్తే ఈయన బతుకు వీధిన పడుతుంది. నేను రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు ఆయనకు ముళ్ళ సంగతి చెప్పాను.

రంగు కళ్ళకు తెలియకపోతే వేళ్ళకు తెలిసేట్టు చేద్దాం అన్నాను. మా వరసలో మొదటి ఇల్లు మాది గనక మా దారానికి ఒక ముడి. రెండో ఇల్లు చిన్నాయనది, రెండు ముళ్ళు. అట్లా ఎనిమిది దాకా. ఎదురు వరసకు ముందు ఒక పెద్ద ముడి, తర్వాత చిన్నవి. అమావాస్యరోజు మా వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. ఆరోజు ఆయన బుడ్లన్నీ తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. దారాలు పాతబడ్డాయి, కొత్తవి కడుతున్నానని అందరికీ చెప్పి, ఒక్కొక్క బుడ్డికీ ముళ్ళు వేసి కట్టాను. అవ్వ వచ్చి చూసి, "ఆ పిల్లకు ఎంత పనితనమో" అని మురిసిపోయింది. నేను తలెత్తలేదు.

సోడాయప్ప వారంలో నేర్చుకున్నాడు. సోడా విద్య కన్నడాయన దగ్గర నేర్చుకున్నందుకో ఏమో, లెక్క మాత్రం ఎప్పుడూ కన్నడంలోనే. బుడ్డి మెడ మీద వేలు జరుపుతూ "ఒందు, ఎరడు, మూరు" అని గొణుక్కుని మూడో ఇంటి ముందు ఆగేవాడు. తర్వాత తర్వాత ఆయనకు కొమ్ములు మొలిచాయి. కళ్ళు మూసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఏ బుడ్డి చేతికిచ్చినా ఏ ఇంటిదో చెప్పేవాడు. బుడ్డి బరువు చూసి చెప్తాడని వీధి వీధంతా నోరు తెరుచుకుని చూసింది. ఇది చూడ్డానికి గోరంట్ల నుంచి వచ్చిన చుట్టాలు కూడా మా ఇంటి ముందు నిలబడ్డారు.

మూడు నెలలు అట్లా సుఖంగా జరిగాయి. తర్వాత ఉగాది వచ్చింది.

ఉగాది అంటే మా ఇంట్లో ఓళిగలు, కోస్తావాళ్ళు బొబ్బట్లనేవి. అవ్వకు ఓళిగలంటే ప్రాణం. ఆరోజు నాలుగు తిన్నానంది, ఎనిమిది అని అమ్మ తర్వాత చెప్పింది, పైన గిన్నెడు నెయ్యి. మధ్యాహ్నానికి గుండెల మీద బండ పెట్టినట్టుందంటూ గుంజకు ఆనుకుని కూర్చుంది. తేన్పు రావడం లేదు. నుదుట చెమటలు పట్టాయి. నాయన పైకి ధైర్యంగానే ఉన్నాడు గానీ ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతున్నాడు. అమ్మ విసనకర్రతో విసురుతోంది. అంతలో వీధిలో టర్రుమంది. నేను పరుగెత్తి సోడాయప్పను పిల్చుకొచ్చాను.

ఆయన గడప ఇవతల నిలబడి అవ్వను చూశాడు. పెట్టెలో చెయ్యి పెట్టాడు. పండగ గనక ఆరోజు పొద్దున కూడా ఒకసారి వచ్చాడు, బుడ్లన్నీ అయిపోయాయి, మా రెండూ అప్పుడే చుట్టాలు తాగేశారు. మిగిలినవి రెండు. ఒకదాని మెడ తడిమి "ఒందు, ఎరడు" అన్నాడు. రెండోదాని మెడ తడిమాడు. "ఒందు, ఎరడు." ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మన బుడ్డేనా అప్పా?" అంది అవ్వ, కళ్ళు తెరవకుండానే.

నేను అవ్వ వెనక నిలబడి, ఔనను, ఔనను అని తల ఊపాను. ఒక్క మాటతో అయిపోయేది. అవ్వకు కనపడదు, నాయనకు ఆ గాభరాలో దారం చూసే తెలివి లేదు. ఆయన నా వైపు చూశాడు, బుడ్డి వైపు చూశాడు.

"కాదవ్వా" అన్నాడు. "నీ చిన్నకొడుకింటిది."

అవ్వ కళ్ళు తెరిచింది. "అయితే వద్దు. పో."

ఆయన పోలేదు. బుడ్డి చేత్తో పట్టుకునే గడప మీద కూర్చున్నాడు. "పోతా గానీ ఒగ మాట చెప్పి పోతా. ఈ బుడ్డి నీకు కొత్త కాదవ్వా. మూడేండ్లుగా తాగుతాండావు. నా కండ్లకు ఎరుపూ పచ్చా ఒగటే. తెలీక ఆడిది ఈడిచ్చినా, ఈడిది ఆడిచ్చినా. తెలీక చేసిన దానికి ఏమీ అనుకోల్యా. ఇప్పుడు పాప ముళ్ళు నేర్పినాది. ఎవురిదో నా ఏలికి తెలుస్తాండాది. తెలిసి అబద్ధం చెప్పేకి నాకు చాతకాల్యా. ఇంగ ఈ వీధికి రావద్దంటే రాను. ముందు ఈ సోడా మాత్రం తాగు."

అమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ముళ్ళు నేర్పి ఈ మనిషిని నేనే ముంచానని ఏడుపొచ్చింది.

అవ్వ ఆయన మొహంలోకి చూసింది. "నేను కట్టుకున్న చీర ఏం రంగు?" అంది.

"తెలీదవ్వా. ముదురుగా ఉండాది, అంతే."

అది మిరపపండు ఎరుపు చీర, ఆకుపచ్చ అంచు. వేరు పడకముందు చిన్నాయన నేసింది. మాటల్లేని నాలుగు ఉగాదులకూ అవ్వ అదే కట్టుకుంది. ఆ సంగతి మా అందరికీ తెలుసు, నోరెత్తి అన్నవాళ్ళు లేరు. సోడాయప్పకు మాత్రమే తెలియదు.

"వాడూ మా బుడ్డి తాగినాడా?" అంది అవ్వ.

"తాగినాడవ్వా."

"వానికేమన్నా అయినాదా?"

"ఏమీ కాల్యా. చల్లగుండాదని ఇంగొకటి అడిగినాడు."

"నాకూ ఏం కాల్యా" అంది అవ్వ, ఎవరితోనూ కాదన్నట్టు. తర్వాత చెయ్యి చాపింది. "ఇంగేం సూస్తాండావు? కొట్టు."

ఆయన లేచాడు. ఎప్పటిలాగా వీధివైపు తిరగలేదు. తల మీద తడిగుడ్డ తల మీదే ఉంచాడు. పక్కింటి గోడవైపు తిరిగి, బుడ్డి భుజం దాకా ఎత్తి, బొటనవేలితో ఒక్క పోటు పొడిచాడు. ఆ చప్పుడు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఇంటి చూరు కింద పిచ్చుకలన్నీ లేచిపోయాయి. రైలు గార్డు జెండా ఊపాడన్నది ఆరోజు నమ్మాను.

పక్కింట్లో ఏదో కింద పడిన చప్పుడు. చిన్నాయన నడుమెత్తు గోడ ఒక్క దూకులో దూకి, పంచె ఎగ్గట్టుకుని, "ఏం పేలింది? అమ్మా, అమ్మా" అంటూ మా గడపలోకి వచ్చిపడ్డాడు. గుంజకు ఆనుకున్న తల్లిని చూసి అక్కడే నిలబడిపోయాడు.

అవ్వ అప్పటికింకా బుడ్డి పెదాలకు ఆనించలేదు. కొడుకును కింది నుంచి పైదాకా చూసింది. గడపలో నిలబడ్డాడు, అమ్మా అన్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పుడు మూతి పెట్టుకుని గటగటా సగం తాగి, మిగతా సగం చిన్నాయన చేతికి ఇచ్చింది. "తాగు. కోపం దిగకముందే తాగాలంట" అంది. అంటూనే ఒక తేన్పు తేన్చింది. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. చిన్నాయన నవ్వబోయి ఏడ్చాడు. నాలుగేళ్ళ తగాదా ఆ తేన్పుతో సరి.

సందడిలో సోడాయప్ప సైకిలు తోసుకుంటూ మెల్లగా వెళ్ళిపోబోయాడు. అవ్వ పిలిచింది. "ఏమప్పా, యాడికి? రేపు రావా?"

"రమ్మంటావా అవ్వా?"

"రాకపోతే సోడా ఎవురు తెస్తారు, మీ నాయనా?" అంది. తర్వాత మా అందరి మొహాలూ వరసగా చూసింది. "ఈ కండ్ల సంగతి ఈ గడప దాటకూడదు. దాటిందో, నేను ఎవురి సోడా తాగను."

అట్లా చట్టం చేసిన మనిషే చట్టం తప్పినవాడికి కాపలా కాసింది. ఎవరింటి ఆడమనిషైనా బుడ్డి మారిందేమోనని అనుమానపడితే, "ఆయప్ప కండ్ల మీద ఉన్న నమ్మకం నాకు నా కండ్ల మీద లేదు" అని అవ్వ నోరు మూయించేది. మా రెండిళ్ళ బుడ్లకూ ముళ్ళు మాత్రం తీయించలేదు. తీయిస్తే ఆయనకు దారి తెలియదు కదా.

నేను తర్వాత అడిగాను, "ఆ పొద్దు కావాలనే అంత గట్టిగా కొట్టినావు కదా మామా?" అని.

"ఏలు జారింది పాపా" అన్నాడు, ఎటో చూస్తూ.

నాకు పెళ్ళయి హిందూపురం వచ్చాక పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆయన పెట్టె తేలికవుతూ వచ్చింది. అంగళ్ళలో ఎర్రవీ పచ్చవీ కలర్ సోడాలు వచ్చాయి. రేకు మూత తీసి తాగి బుడ్డి అక్కడే పెట్టి పోవడమే. పిల్లలు తెల్లసోడా మొహం చూడటం మానేశారు. నువ్వు కూడా కలర్ కలపరాదా అని అందరూ అంటే, ఆయన నవ్వి ఊరుకునేవాడు. అందులో ఏది ఏదో ఆయనకెట్లా తెలుస్తుంది? అవ్వ బతికున్నన్నాళ్ళు మా వీధికి వచ్చాడు. ఆమె పోయిన ఏడాది మిషను ఎవరికో ఇచ్చేసి పెనుకొండ వెళ్ళిపోయాడని నాయన చెప్పాడు.

పోయేముందు హిందూపురం రైలెక్కి మా ఇంటికి వచ్చాడు. ఇంటి బయటే నిలబడి, గుడ్డలో చుట్టిన ఒక బుడ్డి తీశాడు. ఖాళీ బుడ్డి. మెడకు కొత్త పట్టుపోగు, దానికి ఒక ముడి. "మీ ఇంటిది పాపా. నీకే ఉండాల. దారం పాతబడితే నేనే కొత్తది కట్టినా. ఎర్రదే కదా?" అన్నాడు. మళ్ళీ నా మొహంలోకి చూస్తున్నాడు, ఆరోజు పోగులు పెట్టినప్పుడు చూసినట్టే.

ఆ దారం ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. ఈసారి కూడా మొహం బిగించుకున్నాను.

"ఎర్రదే మామా. మిరపపండు ఎరుపు" అన్నాను. ఆయన ఎంత సంతోషంగా రైలెక్కాడో. ఆ తర్వాత నేనాయన్ని చూడలేదు.

ఈ పొద్దున ఆ బుడ్డి బీరువా మీది నుంచి దించి, తుడిచి, మేడ మీదికి తీసుకెళ్ళాను. మనవడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఎందుకు నవ్వానో మొత్తం చెప్పాను, మిరపతోట నుంచి తేన్పు దాకా. తోట దగ్గర వాడికీ నవ్వొచ్చింది, దాచుకోవాలని చూశాడు గానీ కుదరలేదు. హిందూపురం వచ్చి బుడ్డి ఇచ్చాడన్నంత వరకే చెప్పి ఆపేశాను. బుడ్డి వాడి చేతికిచ్చి, "ఈ దారం ఏం రంగురా?" అని అడిగాను.

వాడు వెలుతురుకు పట్టి, ఇటూ అటూ తిప్పి, జాగ్రత్తగా చూశాడు.

"ఎర్రదే కదా అవ్వా" అన్నాడు.

"ఔన్రా. ఎర్రదే" అన్నాను.

వాడు బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని, ఆ ఒక్క ముడినీ బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు.